బోరుకు దాతలున్నారు, లెక్కకే లేరు

మా తనకల్లులో బోరు లారీ వచ్చిందంటే వీధంతా కదిలిపోతుంది. పోయిన వేసవిలో మా పక్కింటివాళ్లు నాలుగో బోరు వేయించారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగినాయన చూపించిన చోటే లెండి. ఎనిమిది వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్మే లేచింది. "ఏమైందక్కా?" అంటే, "నా కమ్మలు పాయెనమ్మా" అంది. నీళ్లు రాలేదని అనలేదు చూశారా!

మా సీమకు దాతలు లేరని ఎవరూ అనలేరు. 1995-96లో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు తాగునీటి పథకం కట్టించి ప్రభుత్వానికి అప్పగించింది. బిందె మోసిన ఆడవాళ్లకు ఆ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ దాతలకు ట్యాంకు అంటే ఇష్టం, పైపు అంటే ఇష్టం. వాటిమీద పేరు రాయించుకోవచ్చు కదా!

పేరు రాయించుకోలేని పని ఒకటి ఇక్కడే జరిగింది. 2003 ప్రాంతంలో నెదర్లాండ్స్ డబ్బుతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయూతతో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. బోర్లకు రూపాయి ఇవ్వలేదు. వాన కొలిచే డబ్బా, బోరులో నీళ్లెంత లోతున ఉన్నాయో చెప్పే పరికరం ఇచ్చి, కొలవడం నేర్పారు. ఒక డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి బోరు ఎంత పోస్తోందో రాసుకునేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, కింద ఎన్ని నీళ్లున్నాయి, మనం వేద్దామనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టేవాళ్లు. ఇంట్లో పప్పూ ఉప్పూ లెక్క చూసుకున్నట్టే! వరి మానమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. లెక్క చూసి కొందరు వాళ్లే మానుకున్నారు. ఆడవాళ్లూ కొలతలు రాశారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా దీన్ని మెచ్చుకుంది.

ప్రాజెక్టు అయిపోయాక చాలాచోట్ల ఆ రాతలు ఆగిపోయాయి. ఎందుకాగవు? రాసేవాళ్లకు జీతం ఎవరిస్తారు?

ఇంకోవైపు చట్టముంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, తాగునీటి బావికి 250 మీటర్ల లోపల తవ్వకూడదు. మంచిదే. కానీ ఊరివాళ్లు రాసిన నీటి లెక్క ఆ అనుమతి కాగితం దాకా పోతుందా? నేను చూసినంతలో పోలేదు. పరికరం ఒకచోట, చట్టం ఒకచోట. రెంటినీ కలిపే మనిషి లేదు. మోటారు నడపడం సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది, మనిషి మాత్రం రాలేదు!

అందుకే దాతలను నేనడిగేది బోరు కాదు. మండలానికి ఇద్దరు చదువుకున్న ఆడపిల్లలకు పదేళ్ల జీతం. వాళ్లు బోర్లు కొలవాలి, ఆ లెక్క పట్టుకుని ఆఫీసులో కూర్చోవాలి, చట్టంలో ఏముందో ఊళ్లో చదివి వినిపించాలి. పదేళ్లు ఎందుకంటారా? మూడేళ్ల ప్రాజెక్టులు చూసి చూసి విసిగిపోయాం మరి.

ఇంటర్ చదివే మా అమ్మాయి డాబా మీద వాన కొలిచే డబ్బా పెట్టి, నోటుపుస్తకంలో రాస్తోంది. మొన్న పక్కింటామె వచ్చింది. ఐదో బోరు మాట నడుస్తోందట. "పాపా, నీ పుస్తకంలో మా చేను కింద నీళ్లు ఉన్నాయా, లేవా?" అని అడిగింది. అమ్మాయి నా మొహం చూసింది.