ఆ బ్యాలెన్సులో మా అమ్మ ఎక్కడ? (వాడ నుంచి ఉత్తరం – 14)



పోయిన నెల మదనపల్లెలో ఒక సన్మాన సభకు పోయాను. పిలిచింది మనవాళ్ళే. ముఖ్య అతిథి పేరున్న కాన్సర్ సర్జన్. చేసిన ఆపరేషన్ల లెక్క చెప్పాడు, తయారుచేసిన శిష్యుల లెక్క చెప్పాడు. మాటల్లో గర్వం తక్కువే, మంచి మనిషే. చివర్లో అన్నాడు: "నా పిల్లలు ఎట్లా పెరిగారో నాకు తెలీదు. అంతా మా ఆవిడ త్యాగం. మీరు మాత్రం వృత్తినీ కుటుంబాన్నీ బ్యాలెన్స్ చేసుకోండి."

చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న ఆవిడ నవ్వింది. ఆవిడ చేతికి ఎవరూ మైకు ఇవ్వలేదు.

ప్రశ్నలు అడగమన్నారు. వెనక నుంచి ఒక పిల్ల లేచింది. పుంగనూరు పక్క పల్లె, మన వాడ పిల్లే, హౌస్ సర్జన్ చేస్తోంది. "సార్, నాకు కాన్సర్ సర్జరీ చెయ్యాలని ఉంది. మా ఇంట్లో అమ్మా నాయనా టమాటా కోతలకు పోతారు. నాకు పెళ్ళి సంబంధాలు చూస్తా ఉండారు. ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే ఎట్లా సార్ బ్యాలెన్స్ చేసేది?"

ఆయన ఒక్క క్షణం ఆగి, "తపన ఉంటే దారి దొరుకుతుందమ్మా" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఆ పిల్ల కూర్చుండిపోయింది.

ఈ ఉత్తరం ఆ పిల్లకు. మీరంతా కూడా వినండి.

తల్లీ, ముందు మా అమ్మ సంగతి చెప్తాను. మాది కుప్పం దగ్గర. కాగితాల్లో అరుంధతివాడ, ఊరి నోట్లో మాదిగపల్లె. కుప్పం స్టేషన్లో తెల్లారుజామున బెంగళూరు రైలు కోసం నిలబడే జనాన్ని చూస్తే మా ఊళ్ళు ఎట్లా బతుకుతాయో అర్థమవుతుంది. కట్టడం పనికి మగవాళ్ళు, ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళు. మా అమ్మ రోజూ వచ్చిపోయే పని కూడా కాదు. ఒక కాన్సర్ సర్జన్ డాక్టరమ్మ ఇంట్లోనే ఉండి ఇద్దరు పిల్లల్ని సాకింది. పదకొండేళ్ళు. రెండు వారాలకో ఆదివారం ఇంటికి వచ్చేది. నేను మా అవ్వ దగ్గర పెరిగాను.

డాక్టరమ్మ పిల్లలకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది మా అమ్మ. నాకు జ్వరమొస్తే మా అవ్వ. డాక్టరమ్మ రాత్రి పదింటికి ఆపరేషన్ ముగించుకుని వస్తే అన్నం వేడిగా ఉండేది. లోకం ఆమెను మెచ్చుకుంది, ఇల్లూ వృత్తీ రెండూ నెగ్గుకొచ్చిందని. నిజమే, నెగ్గుకొచ్చింది. తక్కెడ సమంగా నిలవాలంటే ఒక పళ్ళెంలో రాయి వెయ్యాలి. ఆ రాయి మా అమ్మ.

మా అమ్మ రొమ్ములో గడ్డ వచ్చింది. ఎన్నాళ్ళు దాచిందో మాకు తెలీదు. రోజూ ఆస్పత్రిలో ఆడవాళ్ళ గడ్డలు తడిమి చూసే మనిషి ఇంట్లోనే దాచింది. చివరికి డాక్టరమ్మే కనిపెట్టింది. ఏడ్చింది. తనే దగ్గరుండి ఆపరేషన్ చేయించింది, ఖర్చు పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది. నాలుగేళ్ళు బతికింది మా అమ్మ. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే ఒకటే మాట: "పాపకు పరీక్షలు మే. నేను పండుకుంటే ఆయమ్మ డ్యూటీకి ఎట్ల పోతుంది?"

డాక్టరమ్మ చెడ్డది కాదు. ఆ మాట గట్టిగా చెప్తున్నాను. ఇది చెడ్డవాళ్ళ కథ అయితే ఇంత రాయక్కర్లేదు, తిట్టి ఊరుకుందును. అందరూ మంచివాళ్ళుగా ఉంటూనే ఒకరి సమయం ఇంకొకరికి ఎట్లా చేరుతుందో, అది ఏ కులం నుంచి ఏ కులానికి పోతుందో చెప్పడానికి రాస్తున్నాను.

చరిత్ర తిరగేద్దాం. కాన్సర్ వార్డులో మెథోట్రెక్సేట్ అనే మందు వింటారు. దాని వెనక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తకాన్సర్ పిల్లలకు వైద్యం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ పిల్లలకు చావు తప్ప వేరే మాట లేదు. గొప్ప పనే. కానీ ఆయన 1920లలో అమెరికా పోయినవాడు 1948లో అక్కడే చనిపోయాడు. మళ్ళీ ఈ నేల తొక్కలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. సుబ్బారావు బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. శేషగిరి పేరు మీలో ఎంతమందికి తెలుసు?

మనవాళ్ళను వదిలిపెట్టి ఎదుటివాళ్ళను అడిగితే అది న్యాయం కాదు. మన బాబాసాహెబ్ లండన్‌లో చదువుకుంటున్నప్పుడు బొంబాయిలో సంసారం ఈడ్చింది రమాబాయి. ఐదుగురు పిల్లల్లో నలుగురిని మట్టిలో పెట్టింది. 1935లో తనూ పోయింది. ఆ చదువుల వెనక ఆ ఆకలి ఉంది. ఒక్క తేడా చూడండి. బాబాసాహెబ్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. అప్పు ఉందని ఒప్పుకుని, దాన్ని అచ్చులో రాసిపెట్టాడు. మన సభల్లో పెద్దమనుషులు 'త్యాగం' అంటారు. త్యాగం అంటే తిరిగి ఇవ్వక్కర్లేదు. అప్పు అంటే ఇవ్వాలి. మాట మార్చుకోండి సార్.

ఇక ఆడవాళ్ళు. మన చిత్తూరు జిల్లా జనం ఎప్పటినుంచో పోయే అడయార్ కాన్సర్ ఆస్పత్రిని 1954లో మొదలుపెట్టింది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. ఆమె తల్లి దేవదాసీ కుటుంబంలో పుట్టింది. ఊరు వేలెత్తి చూపిన ఇంటి పిల్ల 1912లో మద్రాసులో డాక్టరైంది. చెల్లెలు కాన్సర్‌తో చనిపోతే చూసింది. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని చేసుకునే ముందే షరతు పెట్టింది: నన్ను సమానంగా చూడాలి, నా పనికి అడ్డం రాకూడదు అని. పెళ్ళయ్యాక సర్దుకోవడం కాదు తల్లీ, ముందే మాట తీసుకోవడం. ఆమె కొడుకు కృష్ణమూర్తి కాన్సర్ డాక్టరై ఆ ఆస్పత్రిలోనే పనిచేశాడు.

అదే ఆస్పత్రికి 1955లో వచ్చిన డాక్టర్ శాంత పెళ్ళే చేసుకోలేదు. ఆస్పత్రి ఆవరణలోనే బతికి, ఎన్నో తరాల డాక్టర్లను తయారుచేసి, 2021లో 93 ఏళ్ళకు చనిపోయింది. ఆ జీవితానికి దణ్ణం పెడతాను. కానీ ఆ జీవితాన్ని చూపించి "చూడు, అట్లా ఉండాలి" అని మన పిల్లలకు చెప్పేవాళ్ళను ఒకటి అడుగుతాను. మగ సర్జన్‌కు ఇల్లూ ఉండొచ్చు, పిల్లలూ ఉండొచ్చు, కత్తీ ఉండొచ్చు. ఆడ సర్జన్ మాత్రం ఇల్లు వదిలితేనే కత్తి పట్టాలా?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్ళు. జనరల్ సర్జరీ ఎం.ఎస్. మూడేళ్ళు. సర్జికల్ ఆంకాలజీ ఎం.సీహెచ్. ఇంకో మూడేళ్ళు. మొత్తం పదకొండున్నర. నీట్‌కు లాంగ్ టర్మ్ ఒక ఏడాది, పీజీ సీటుకు ఒక ఏడాది వేసుకోండి. ముప్పై దాటుతుంది. ఈలోపు ఇంట్లో తమ్ముడి ఫీజు, నాయన మోకాళ్ళు, వడ్డీకి తెచ్చిన డబ్బు. కాన్సర్ సర్జన్ కావడానికి ముందు కావలసింది తెలివి మాత్రమే కాదు, పదకొండున్నరేళ్ళ ఖాళీ సమయం. ఆ ఖాళీని కొందరికి ఇల్లు ఇస్తుంది. మనకు ఎవరిస్తారు?

రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఎం.సీహెచ్. గుమ్మం దగ్గర లేదు! 1992లో ఇంద్ర సాహ్నీ తీర్పులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ, వైద్యంలో సూపర్ స్పెషాలిటీ ఉద్యోగాల్లాంటి వాటికి రిజర్వేషన్ తగదంది. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, సూపర్ స్పెషాలిటీ సీట్లకు ప్రతిభ ఒక్కటే కొలత అంది. ఇవాళ నీట్ సూపర్ స్పెషాలిటీలో ఎస్సీ, ఎస్టీ కోటా లేదు. ఎనిమిదిన్నరేళ్ళపాటు ఒకడి బట్టలు ఇంకొకరు ఉతికారు, ఒకతె తన బట్టలూ తమ్ముడి బట్టలూ తనే ఉతుక్కుంది. చివర్లో ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టి, వచ్చిన తేడాకు 'ప్రతిభ' అని పేరు పెట్టారు. ఆ ప్రతిభలో మా అమ్మ గంటలు ఎన్ని ఉన్నాయో ఏ కోర్టు లెక్కపెట్టింది?

"సర్జన్ కత్తికి కులముంటుందా?" అని అడిగే మిత్రులు ఉన్నారు. కత్తికి లేదు. కత్తి పట్టడం నేర్పే చేతికి ఉంది. ఆపరేషన్ థియేటర్లో ఎవరిని టేబుల్ దగ్గరకు పిలవాలి, ఎవరిని గోడ దగ్గర నిలబెట్టాలి అనేది పుస్తకంలో ఉండదు, సీనియర్ చూపులో ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏం జరుగుతోందో చూడమని వేసిన థోరట్ కమిటీ 2007లో రిపోర్టు ఇచ్చింది. మన పిల్లల్ని హాస్టల్లో వేరు చెయ్యడం, గురువులు దగ్గరకు రానివ్వకపోవడం అందులో రాసింది. 2019లో ముంబైలో ఒక ఆదివాసీ డాక్టరమ్మ, 2023లో వరంగల్లులో ఒక లంబాడా డాక్టరమ్మ పీజీ చదువుతూనే చనిపోయారు. సీనియర్ల వేధింపులే కారణమని ఇద్దరి కుటుంబాలూ అన్నాయి. వాళ్ళకు తపన లేదా సార్?

అందుకే గురువు సంగతి మాట్లాడాలి. ఇంగ్లీషులో మెంటార్ అని గొప్పగా అంటున్నారు. పెద్ద కులాల పిల్లలకు మెంటార్ అన్నం తినే బల్ల దగ్గరే ఉంటాడు. మామయ్యో, నాన్న స్నేహితుడో. ఏ కాలేజీలో ఆపరేషన్లు ఎక్కువ చేయిస్తారు, ఏ ఆప్షన్ ముందు పెట్టాలి, ఏ ప్రొఫెసర్ దగ్గర నోరు మూసుకోవాలి, అన్నీ పప్పన్నంతో పాటే తెలుస్తాయి. మన పిల్ల అదంతా సీటు పోయాక తెలుసుకుంటుంది. శిష్యుల లెక్క చెప్పుకునే ప్రతి పెద్ద సర్జన్‌నూ ఒకటి అడగండి. ఆ లెక్కలో వాడ పిల్లలు ఎంతమంది? ఆయనకు గుర్తు రాకపోతే అదే జవాబు.

వైద్యం కోసం జనం మదనపల్లెకు వచ్చిన కాలం ఒకటుంది. 1915 నుంచి ఆరోగ్యవరం శానటోరియంకు దక్షిణాది నలుమూలల నుంచి క్షయ రోగులు వచ్చారు. ఇవాళ కాన్సర్ అంటే మదనపల్లె వాళ్ళు బెంగళూరు బస్సు, పుంగనూరు వాళ్ళు పలమనేరు, చిత్తూరు మీదుగా వేలూరు బస్సు, కుప్పం వాళ్ళు కాట్పాడికి రైలు. 2022 నుంచి తిరుపతిలో కాన్సర్ ఆస్పత్రి ఉంది, సంతోషం. కానీ గడ్డను మొదట తడిమి చూసి భయం లేదని చెప్పే మనిషి మన ఊళ్ళోనే, మన భాషలోనే ఉండాలి. ఆ మనిషి మన వాడ పిల్లే అయితే, మా అమ్మలాంటి మనిషి దాచకుండా చెప్తుంది. అందుకే నీ సీటు నీ ఒక్కదాని సంగతి కాదు తల్లీ.

మనం అడగాల్సినవి ఇవి. సూపర్ స్పెషాలిటీ సీట్లలో మన వాటా. రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 48 గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది, అది అమలు. 50 మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ చేశారు. ఆ క్రెష్‌లో సర్జన్ బిడ్డ పక్కనే ఆయా బిడ్డ, స్వీపరమ్మ బిడ్డ కూడా పడుకోవాలి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు జీతంతో సెలవు. జ్వరమొస్తే పండుకునే హక్కు.

పిల్లా, నీకు వేరుగా మూడు మాటలు. పెళ్ళి వద్దని నేను చెప్పను, ముత్తులక్ష్మిలా ముందే మాట తీసుకో. వచ్చినవాడు ఒప్పుకోకపోతే వాణ్ణి పంపించెయ్, సీటును కాదు. రెండు, ఒంటరిగా చదవకు. ఎం.ఎస్. దాటిన మన డాక్టర్లు కొంతమంది ఉన్నారు, వాళ్ళతో మాట్లాడాను. నీకు ఫోన్ చేస్తారు, ఆప్షన్లు దగ్గర కూర్చుని పెట్టిస్తారు. మూడోది, రేపు నువ్వు పెద్ద సర్జన్‌వి అవుతావు. నీ ఇంట్లోనూ ఒకామె పని చేస్తుంది. ఆమెకు కూడా ఒక బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ పేరేంటో అడుగు. ఆమె ఒంట్లో ఎట్లా ఉందో అడుగు, పాప పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా అడుగు.

ఇంక సన్మాన సభలు పెట్టే మనవాళ్ళకు: వచ్చేసారి శాలువా ఎవరికి కప్పినా సరే, మైకు ముందు వరసలో కూర్చున్న ఆవిడకు ఇవ్వండి. ఆమె వెనక వంటింట్లో ఇంకొకామె ఉంటుంది. ఆమెను కూడా పిలవండి.

జై భీమ్. జై సావిత్రీబాయి.

(వచ్చే ఉత్తరం: ఎస్సీ హాస్టల్లో దీపం ఎన్ని గంటలకు ఆర్పుతారు?)