చెదిరింది ఎవరి శాంతి?

2024 అక్టోబర్ 1న టాంజానియా పత్రికల ఆన్‌లైన్ వేదికలో ఒక బొమ్మల వీడియో వచ్చింది. 2వ తేదీకల్లా ‘ది సిటిజన్’, ‘మ్వనాంచి’, ‘మ్వనాస్పోటి’ పత్రికల ఆన్‌లైన్ లైసెన్సులు 30 రోజులపాటు సస్పెండయ్యాయి. టాంజానియా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ తానే నేరం మోపి, తానే తీర్పు చెప్పి, తానే శిక్ష అమలు చేసింది. ఆ వీడియో జాతీయ ఐక్యతకు, సామాజిక శాంతికి హాని కలిగించేలా ఉందని కారణం చూపింది. ఈ కారణం అబద్ధం. ఇంతకన్నా మెత్తటి మాట మాకు దొరకలేదు.

వీడియోలో ఉన్నదేమిటి? ఒక మహిళ టీవీ ముందు కూర్చుని ఛానళ్లు మారుస్తూ ఉంటుంది. ఏది పెట్టినా తమవాళ్లు ఏమైపోయారో తెలియక కుమిలిపోతున్న మనుషులే కనిపిస్తారు. ఆ మహిళలో అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ పోలికలున్నాయి. అంతకుమించి ఏమీ లేదు. ఒక తెగను మరో తెగపైకి ఉసిగొల్పిన మాట లేదు. క్రైస్తవులకు, ముస్లింలకు మధ్య తగవు పెట్టలేదు. జాంజిబార్‌కూ ప్రధాన భూభాగానికీ నడుమ నిప్పు రాజేయలేదు. మరి చెదిరిన ఐక్యత ఏది? నూటికి పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలీ భాషతో ఒక్కటి చేసి తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే తరం కట్టిన ఐక్యత అది. 1964లో టాంగన్యికా, జాంజిబార్ కలిసినప్పటి నుంచి అరవై ఏళ్లకు పైగా నిలిచి ఉంది. పొరుగున రువాండా, బురుండీ తెగల చిచ్చులో కాలిపోతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన లక్షల మందికి ఆ దేశమే నీడనిచ్చింది. అంతటి ఐక్యత ఒక బొమ్మల వీడియోకు కూలిపోతుందనడం టాంజానియా ప్రజలను అవమానించడమే.

శాంతి సంగతంటారా, అది సెప్టెంబర్ 6నే చెదిరింది. ఆ రోజు ప్రతిపక్ష చడేమా నాయకుడు అలీ మహమ్మద్ కిబావోను సాయుధులు బస్సులోంచి దించి పట్టుకుపోయారు. తర్వాత శవమై దొరికారు. తీవ్రంగా కొట్టి, ముఖంపై యాసిడ్ పోశారని అప్పటి పార్టీ అధ్యక్షుడు ఫ్రీమన్ ఎంబోవే చెప్పారు. అంతకు ముందు నెలలోనే టాంగన్యికా న్యాయవాదుల సంఘం అపహరణకు గురైన, జాడ తెలియని 83 మంది జాబితా బయటపెట్టింది. కిబావో హత్యను ఖండించి దర్యాప్తుకు ఆదేశించింది స్వయంగా సామియానే. అధ్యక్షురాలే ఒప్పుకున్న ఘోరాన్ని పత్రిక బొమ్మ గీసి చూపితే దేశానికి ముప్పు ఎలా అవుతుంది? నెల గడిచినా హంతకులెవరో జనానికి చెప్పలేదు. బొమ్మ వేసినవారిని శిక్షించడానికి మాత్రం ఒక్క రోజు చాలింది.

నొప్పి ఎక్కడుందో అందరికీ తెలుసు. అధ్యక్షురాలి పోలిక చూపడం పరువుకు భంగమనుకుంటే ఆ మాటే చెప్పి కోర్టుకు వెళ్లాలి. పాలకుల పరువుకు దేశ ఐక్యత అని పేరు పెట్టి పత్రికల నోరు నొక్కడం మోసం. 1975లో ఎమర్జెన్సీ వేళ మన దేశంలోనూ పత్రికలకు సంకెళ్లు వేసింది ఇలాంటి పెద్ద మాటల చాటునే.

పేర్లు, ఆధారాలు లేకుండా అధ్యక్షురాలిని వేలెత్తి చూపడం వార్తారచన కాదన్న విమర్శలో కొంత న్యాయం ఉంది. ఈ పత్రికలను నడిపే మ్వనాంచి సంస్థ ఆ వీడియోను తొలగించింది కూడా. దిద్దుబాటే కావాలనుకుంటే అది చాలు. నెల రోజుల నిషేధం దిద్దుబాటు కాదు. ఆ ఏడాది నవంబర్ 27న స్థానిక ఎన్నికలు, 2025లో సాధారణ ఎన్నికలు ఉండగా మిగతా పత్రికలకు పంపిన హెచ్చరిక ఇది. మాజీ అధ్యక్షుడు మగుఫులి హయాంలో నిషేధానికి గురైన నాలుగు పత్రికలకు 2022లో లైసెన్సులు తిరిగి ఇచ్చినప్పుడు సామియాను మెచ్చుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ మెప్పు ఇప్పుడు మమ్మల్నే బాధిస్తోంది.

ఆ నిషేధం విధించాల్సింది కాదు. మ్వనాంచి పత్రికకు ప్రభుత్వం మరో జవాబు కూడా బాకీ ఉంది. కిబితి ప్రాంతంలో వరుస హత్యల గురించి మ్వనాంచికి వార్తలు రాసిన అజోరీ గ్వాండా 2017 నవంబర్ 21 నుంచి కనిపించడం లేదు. ఆయన చనిపోయారన్నట్టు 2019లో అప్పటి విదేశాంగ మంత్రి పలమగాంబ కబూది బీబీసీతో అన్నారు. ఆపై తన మాటలను తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పారు. 2024 నవంబర్‌కే ఏడేళ్లు నిండాయి. గ్వాండా ఎక్కడ?