ఏప్రిల్‌లో ఒక్క వారం

టీవీ చర్చలో ఈ వారం మళ్లీ అదే పాట. ప్రభుత్వ సంస్థ నష్టాల్లో ఉందా? ఓ కార్పొరేట్ పెద్దాయన్ని తెచ్చి కూర్చోబెట్టండి, గాడిలో పెడతాడు! ఈ మాట విన్నప్పుడల్లా నాకు బీచింగ్ దొర గుర్తొస్తాడు.

రిచర్డ్ బీచింగ్ ఇంగ్లండ్‌లో ఐ.సి.ఐ. అనే రసాయనాల కంపెనీలో డైరెక్టరు. భౌతికశాస్త్రంలో డాక్టరేట్. 1961లో ఆయన చేతికి బ్రిటిష్ రైల్వేలు అప్పగించారు. కంపెనీ ఇచ్చే జీతమే ఇక్కడా ఇచ్చారు: ఏడాదికి 24 వేల పౌండ్లు. అప్పటి ప్రధానికి 10 వేలు. (నాకు కుళ్లు లేదనను.) తెచ్చిన రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ఏమో రోడ్లు వేసే కంపెనీ పెట్టిన మనిషి. మిగతాది మీరే ఊహించుకోండి.

1963 మార్చిలో నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లు, దాదాపు 5 వేల మైళ్ల లైన్లు మూసెయ్యమంది. మూడో వంతు లైన్ల మీద నూటికి ఒక వంతు ప్రయాణమే సాగుతోందట. కూడికలు తప్పని నేననను, తూకంతోనే నా పేచీ. 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం జనాన్ని లెక్కపెట్టారు. వేసవి సెలవులకు జనం ఎగబడే సముద్రపు ఒడ్డు ఊళ్లకు, అక్కడ ఇంకా వేసవి రాని ఏప్రిల్‌లో ఎవరొస్తారు? సంక్రాంతి రద్దీని ఆషాఢంలో కొలిచినట్టుంది. పల్లె లైనులో ఎక్కినవాడే పెద్ద లైనుకూ డబ్బు తెస్తాడన్నది ఆ తూకానికి అందలేదు. వాగులన్నీ కట్టేసి ఏరెందుకు ఎండిందని అడిగితే ఏం చెబుతాం?

1965లో దొరగారు కంపెనీకి వెళ్లిపోయారు, లార్డ్ కూడా అయ్యారు. ఎడింబరో నుంచి కార్లైల్ వెళ్లే లైను 1969లో మూతపడింది. అందులో 30 మైళ్ల ముక్కను కోట్ల పౌండ్లు పోసి 2015లో మళ్లీ తెరిచారు. ఆయన కాపురమున్న ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో పట్టాలు పోయిన చోట వేసిన రోడ్డుకు పెట్టిన పేరు బీచింగ్ వే!

మనకీ అనుభవముంది. కాకినాడ–కోటిపల్లి పట్టాలు 1940లో యుద్ధం పేరుతో పీకేస్తే, రైలు మళ్లీ కూసింది 2004లో. 2020లో కోవిడ్ పేరుతో ప్యాసింజరుకు ఎక్స్‌ప్రెస్ చొక్కా తొడిగి, పది రూపాయల కనీస టికెట్టును 30 చేశారు. తగ్గించడానికి 2024 రావాల్సొచ్చింది. ఈలోపు ఆటోలకు అలవాటుపడ్డ కూరగాయల గంపలు తిరిగి ప్లాట్‌ఫారం ఎక్కాయా? ఎక్కలేదని తేల్చడానికి ఎవరో ఒకరు వస్తారు లెండి, ఏప్రిల్‌లో ఒక్క వారం.

— బాటసారి