కూచుని పాడితే కచేరీ కాదా?

ఆ రోజు నా చేతిలో పులుసు గరిటె ఉంది కాబట్టి ఊరుకున్నాను గానీ, కలమే గనక ఉంటే అక్కడికక్కడే జవాబు రాసి చేతికిచ్చేదాన్ని.

సంగతేమిటంటే, నేను లండన్ నుంచి తిరిగొచ్చిన కొత్తల్లో మా ఆడపడుచూ, ఆవిడ భర్తా భోజనానికి వచ్చారు. ఆయన నాకు వరసకి అన్నయ్యగారు. ఏ సభలో కచేరీ జరిగినా ముందు వరసలో కనిపించే మనిషి. రెండోమారు పులుసు పోయించుకుంటూ అన్నారు కదా: "విన్నానమ్మా! మీ అబ్బాయి నిన్ను కూడా ఆ రాక్ గోలకి లాక్కుపోయాట్ట. పాడేవాడికి గొంతు లేదు, డ్రమ్ములు వాయించేందుకు చేతులు లేవు, కుర్చీలో కూచుని ఏదో గొణిగితే ఊరంతా లేచి చప్పట్లట! దాన్ని రసికత అనరు తల్లీ, వెర్రి అంటారు."

"బాగా చెప్పావు బావా!" అని మావారు వంత పాడారు. ఈయనకి పులుసు పొయ్యకుండానే ముందుకి వెళ్ళిపోయాననుకోండి, అది వేరే విషయం.

అప్పట్నించీ ఏ పెళ్ళికెళ్ళినా, ఏ గృహప్రవేశానికెళ్ళినా అన్నయ్యగారు ఈ కథే చెబుతున్నారు. మొన్న ఎవరో పిన్నిగారు నన్ను పట్టుకుని, "ఆ కుర్చీ పాటగాణ్ణి చూసొచ్చింది నువ్వేనటగా?" అని నవ్వింది. ఇంక లాభం లేదని ఇవాళ వంటిల్లు సర్దుకుని కూచున్నాను.

ముందుగా, కూచుని పాడ్డం తప్పన్న మాట. అన్నయ్యగారూ, మన విద్వాంసులంతా ఏం చేస్తున్నారండీ? నిలబడి పాడుతున్నారా? మనవాళ్ళు చాప మీద బాసింపట్టు వేసుకు కూచుంటే శాస్త్రమూ, అవతలివాడు నడుం పడిపోయి కుర్చీలో కూచుంటే హాస్యమూనా?

అసలు నేను వెళ్ళిందే విచిత్రంగా. టికెట్లు మా అబ్బాయికీ కోడలికీ. 2020లో కొనుక్కున్నవి. కరోనా వల్ల ఒకసారి కాదు, మూడుసార్లు వాయిదా పడి, చివరికి 2022 మార్చికి తేలాయి. తీరా ఆ రోజొచ్చేసరికి మనవడికి జ్వరం. "మీరు వెళ్ళండి అత్తయ్యా, టికెట్టు పాడైపోతుంది" అంది కోడలు. పులిసిన పెరుగే పారబొయ్యలేని దాన్ని, అంత ఖరీదైన టికెట్టు పాడుచేస్తానా? స్వెట్టరు మీద శాలువా కప్పుకుని బయల్దేరాను. అది మార్చి 26, శనివారం. లండన్ ఓ2 అరీనాలో జెనిసిస్ అనే బృందం చేసిన ఆఖరి కచేరీ.

ఈ జెనిసిస్ ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఇంగ్లండులో చార్టర్‌హౌస్ అనే బడిలో చదువుకునే కుర్రాళ్ళు 1967లో మొదలుపెట్టిన బృందమిది. వీళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మూడు నిమిషాల్లో ముగిసే సినిమా పాటల్లాంటివి కావు వీళ్ళవి. 1972లో వచ్చిన ఒక పాట ఇరవై మూడు నిమిషాలు. మధ్యలో తాళం మారుతుంది, నడక మారుతుంది, మన పల్లవిలాగే వినేవాళ్ళకి ఓపికా ఉండాలి, లెక్కా తెలియాలి. ఆ ఏడాదే డబ్లిన్‌లో వీళ్ళ గాయకుడు పీటర్ గాబ్రియల్, పెళ్ళాం ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల తగిలించుకుని రంగం మీదికొచ్చాడట. పక్కన వాయించేవాళ్ళకి కూడా ముందుగా చెప్పలేదట! 1975లో ఆయన వెళ్ళిపోయాడు. ఎంతోమంది గాయకుల్ని పరీక్షించి, ఎవరూ కుదరక, చివరికి తమ డ్రమ్ముల కుర్రాడు ఫిల్ కాలిన్స్‌నే ముందుకి తెచ్చి పాడించారు. ఆయన పాడుతూ, మధ్యలో వెళ్ళి మరో డ్రమ్మర్ పక్కన కూచుని జంటగా వాయించేవాడు. అదే వాళ్ళ తని ఆవర్తనం. దానికోసమే టికెట్టు కొన్నవాళ్ళున్నారని మా అబ్బాయి చెప్పాడు.

ఆ చేతులే పోయాయి. 2007 పర్యటన సమయంలో మెడలో ఎముక తప్పి నరాలు దెబ్బతిన్నాయి. తర్వాత నడుముకి శస్త్రచికిత్స. ఆ రోజు ఆయన కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచొచ్చి కుర్చీలో కూచున్నాడు. డెబ్భై ఒక్కేళ్ళు నిండినవాడు. వెనక డ్రమ్ముల దగ్గర ఆయన కొడుకు నిక్. ఇరవయ్యేళ్ళ కుర్రాడు.

నేను మృదంగం వాయించే ఇంట్లో పుట్టినదాన్ని. పాట నాకు తెలియకపోవచ్చు గానీ, వేళ్ళు ఊరుకోవు. ఒక పాటకి లెక్క వేస్తుంటే ఎక్కడా ఎత్తుగడకి చేరడం లేదు. ఎనిమిదీ కాదు, ఆరూ కాదు. తప్పు నాదేననుకుని మళ్ళీ మొదలెట్టాను. పదమూడు! ఆరూ ఏడూ కలిపి పదమూడు మాత్రలు. నా పక్కనున్న ఇంగ్లీషావిడ మాత్రం హాయిగా తల ఊపుతోంది, ఒక్క దెబ్బ తప్పకుండా. మరికాసేపటికి ఇంకో వరస ఎత్తుకున్నారు. తకిట తకధిమి, తకిట తకధిమి. అచ్చంగా మన మిశ్రచాపు! 1973లో రికార్డు చేసిన పాట అది. అప్పుడు వాయించింది తండ్రి, ఇప్పుడు వాయిస్తున్నది కొడుకు. నా చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. ఆవిడ అది చూసి నవ్వి, నా వైపు జరిగింది.

నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను, ఎప్పట్నించి వింటున్నావని. 1977లో ఇదే లండన్‌లో, ఎర్ల్స్ కోర్టులో వీళ్ళ కచేరీకి వెళ్ళిందట. అప్పుడావిడకి పదిహేడేళ్ళు. వాళ్ళ నాన్న వద్దంటే స్నేహితురాలింట్లో చదువుకుంటానని అబద్ధం చెప్పి వెళ్ళిందట. "అప్పుడు ఆయన కంజిర లాంటి వాయిద్యం పట్టుకుని మోచేతికీ మోకాలికీ తలకీ కొట్టుకుంటూ గంతులు వేసేవాడు" అని కూచున్నచోటే చేసి చూపించింది. అరవై దాటిన మనిషి!

అన్నయ్యగారు వెర్రి అన్నది ఈవిడ లాంటి వాళ్ళని. కొత్తగా విని మోసపోయిన మనిషి కాదు. పాత గొంతు ఎలా ఉండేదో తెలుసు. ఏ పాటకి శ్రుతి ఎంత దించారో తెలుసు. ఏ ఏడాది ఏ పాట ఎలా వాయించారో రికార్డులు పక్కపక్కన పెట్టి పోల్చుకునే జాతి అది. గాబ్రియల్ వెళ్ళిపోయాక అసలిది జెనిసిస్సే కాదని వాదించుకుని మాటలు మానేసినవాళ్ళు కూడా ఉన్నారట. అలాంటివాళ్ళకి ఆ రాత్రి ఏం తక్కువైందో నాకన్నా, అన్నయ్యగారికన్నా నూరు రెట్లు ఎక్కువ తెలుసు. తెలిసే లేచి నిలబడ్డారు.

"అయితే ఆ డబ్బు పుచ్చుకోవడం న్యాయమా? శక్తి ఉడిగినప్పుడు మర్యాదగా ఇంట్లో కూచోవద్దూ?" అంటారు. ఈ మాటలో కొంత సబబు లేకపోలేదు. ఒప్పుకుంటాను. నిండు జేబుతో వచ్చే అభిమానిని పిండుకునే వ్యాపారం ఎక్కడైనా ఉంది. కానీ ఇక్కడ దాచిందేమిటి? 2021 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో మొదటి రోజు నుంచీ ఆ కుర్చీ ఫోటోలు లోకమంతా చూసింది. చూసినవాళ్ళే వచ్చారు. రికార్డు ఇంట్లో ఉంది, పదిహేడేళ్ళ నాటి గొంతు కావాలంటే అదే వేసుకోవచ్చు. కచేరీకి వెళ్ళేది మనిషి ఎదటికి వెళ్ళడానికి. "నువ్వు చేసింది మాకు అందిందయ్యా" అని వాడి మొహం మీద చెప్పడానికి. ఆ మాట రికార్డుకి చెబితే వినదు.

ఆ రాత్రి కాలిన్స్ గాబ్రియల్ కూడా సభలోనే ఎక్కడో ఉన్నాడని చెప్పి, ఆ ఇరవై మూడు నిమిషాల పాట కావాలని కేకలేస్తున్నది అతనేనేమో అని నవ్వించాడు. రేపట్నించి మేమంతా వేరే ఉద్యోగాలు చూసుకోవాలి అన్నాడు. జనం నవ్వారు. నా పక్కావిడ నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. అయితే నేను ఏడ్చింది ఆయన కోసం కాదు.

మా నాన్నగారు మృదంగం వాయించేవారని చెప్పానుగా. బిరుదులున్న విద్వాంసులు కారు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ, నవమి పందిళ్ళకీ పిలిచేవారు. అరవై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. 1984లో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో కచేరీ. పాడేవారు తని ఇచ్చారు. అంతే, ముందు వరసవాళ్ళు లేచారు. పందిరి పక్కనే కాఫీ హోటలు. వాళ్ళని చూసి రెండో వరస, ఆ వెనక మూడోది. నాన్నగారు తలెత్తకుండా వాయించారు. చెయ్యి తడబడినా లెక్క తడబడలేదు. ఆయన ముక్తాయింపు వేసేసరికి మగవాళ్ళ వైపు ఖాళీ కుర్చీలు, ఆడవాళ్ళ వైపు చాప మీద మా అమ్మా, నేనూ, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలూ. తర్వాత నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, "ఇంక విశ్రాంతి తీసుకోండి మేష్టారూ" అని మర్యాదగానే చెప్పాడు.

ఇంటికొచ్చి మృదంగానికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టారు. మళ్ళీ దించలేదు.

ఆ లేచినవాళ్ళందరూ ఆయన మంచి రోజుల్లో "భేష్! భేష్!" అన్నవాళ్ళే. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు! నేను మాత్రం ఏం చేశాను? కాలేజీలో చదువుకునే పిల్లని. "కూచోండి బాబాయిగారూ, ఇంకా అయిపోలేదు" అని ఒక్కరితోనైనా అనలేకపోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత, భాష తెలియని పాటకి, ముక్కూమొహం తెలియని ఇరవై వేలమంది లేవాల్సినప్పుడు లేచి, కూచోవాల్సినప్పుడు కూచోవడం చూస్తే నాకు కన్నీళ్ళు రావూ?

కాబట్టి సోదరీమణులారా, మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పాటల కోసం జీతం తగలేస్తుంటే కాస్త చూసీ చూడనట్టు పోనివ్వండి. గొంతు బాగున్నప్పుడు మెచ్చుకోవడం గొప్ప కాదు, అది అందరూ చేస్తారు. వెర్రివాళ్ళని పేరుపడ్డ ఆ అభిమానుల దగ్గర మన రసికులు నేర్చుకోవలసింది ఒకటుంది.

వచ్చే నవమికి అన్నయ్యగారు మమ్మల్ని తమ కాలనీ పందిట్లో కచేరీకి పిలిచారు. తప్పకుండా వెళతాను. ఆయన పక్క కుర్చీలోనే కూచుంటాను. తని మొదలయ్యాక ఆయన పంచె సర్దుకుంటూ లేవబోతే, చెయ్యి పట్టుకుని కూచోబెడతాను. కాఫీ అంటారా? ఫ్లాస్కులో పోసి నేనే తీసుకెళతాను.