పీఎఫ్ వద్దని రాసివ్వొచ్చా?

మేముండే ఆల్థాన్‌కి దగ్గర్లోనే పాండేసరా జీఐడీసీ ఉంది. చీరలకి రంగులద్దే, ప్రింటింగు చేసే మిల్లులు అక్కడ బోలెడు. అందులో ఒక మిల్లులో పనిచేసే కరీంనగర్ కుర్రాడు నాకు కొన్నేళ్ళుగా పరిచయం. సూరత్‌లో తెలుగువాళ్ళంటే ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. తాతల కాలంలోనో తండ్రుల కాలంలోనో సాంచల మీద పనికోసం వచ్చి లింబాయత్ వైపు స్థిరపడ్డ పద్మశాలీలు.

మొన్నొక ఆదివారం ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"సార్, పీఎఫ్ వద్దని దీని మీద సంతకం పెడితే నెలకు 1,800 చేతికి ఎక్కువొస్తదట. అందరూ పెట్టిండ్రు. నేనూ పెట్టాల్నా?"

కాగితం గుజరాతీలో ఉంది. నాకు గుజరాతీ చదవడం వచ్చు గానీ కూడబలుక్కుని చదవాలి. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" అని మొదలైంది. అతనికి గుజరాతీ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. తనకి అర్థం కాని భాషలో తన ఇష్టాన్ని ఇంకొకరు రాసిపెట్టారన్నమాట!

ముందు చట్టం సంగతి చూద్దాం. ఉద్యోగుల భవిష్య నిధి చట్టం 1952లో వచ్చింది. 20 మందో అంతకుమించో పనిచేసే సంస్థలకి వర్తిస్తుంది. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రత కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది కానీ నిర్బంధ చందా అనే మూలసూత్రాన్ని మార్చలేదు. జీతం అంటే మూల వేతనం, డీఏ కలిపి అని ఇక్కడ లెక్క. దీనికి 15,000 పరిమితిని 2014 సెప్టెంబరులో పెట్టారు. అంతకు మించిన జీతంతో మొట్టమొదటిసారి ఉద్యోగంలో చేరేవాడు మాత్రం, అప్పటికే సభ్యుడు కాకపోతే, ఫారం 11లో ఆ సంగతి ప్రకటించి బయట ఉండిపోవచ్చు. ఒకసారి లోపలికొచ్చాక జీతం పెరిగిందనో కంపెనీ మారాననో "ఇక నాకొద్దు" అంటే కుదరదు.

మన కుర్రాడి జీతం సరిగ్గా 15,000. సభ్యత్వమూ ఉంది. కనుక ఆ కాగితానికి చట్టం దృష్టిలో చిత్తుకాగితం విలువే. ఇది ఇద్దరి మధ్య ఒప్పందం కాదు, ఇద్దరూ రాజీపడి రద్దు చేసుకోవడానికి.

చట్టం ఉంది కాబట్టి సరైనదే అని చెప్పి ఊరుకుంటే అది హేతువాదం కాదు. శాస్త్రంలో రాసుంది కాబట్టి నిజం అనేవాడికీ మనకీ తేడా ఉండాలి కదా. అందుకని లెక్క చూద్దాం. నేను చదివింది బీకాం, చేసింది రక్షణ శాఖలో లెక్కలు. నాకు చేతనైంది అదొక్కటే.

15,000 మీద ఉద్యోగి వాటా 12 శాతం, 1,800. యజమాని వాటా కూడా 1,800. అందులో 1,250 పింఛను పథకానికి, 550 పీఎఫ్‌కి వెళ్తాయి. బీమాకీ నిర్వహణకీ కలిపి యజమాని ఇంకో ఒక శాతం, అంటే 150 కడతాడు. మొత్తం అతని ఖర్చు 1,950.

కుర్రాడు సంతకం పెడితే అతని 1,800 అతనికి వస్తుంది. అది అతని డబ్బే. మరి మిల్లు వాళ్ళు కట్టే 1,950? ఆ మాట అడిగితే కుర్రాడు బిత్తరపోయాడు. దాని గురించి ఎవరూ చెప్పలేదట.

20 ఏళ్ళకి చూద్దాం. జీతం పెరగలేదనీ, 2024-25కి ఇచ్చిన 8.25 శాతం వడ్డీయే ఎప్పుడూ ఉంటుందనీ అనుకుంటే, నెలకి 2,350 చొప్పున సుమారు 13 లక్షల 75 వేలు అవుతుంది. 58 ఏళ్ళు నిండాక నెలకి 4,700 చిల్లర పింఛను వేరే. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా బీమా కూడా ఉంది. అదే 1,800ని నెల తప్పకుండా బ్యాంకులో 7 శాతానికి వేస్తే 9 లక్షల పైచిలుకు. పింఛనూ లేదు, బీమా లేదు. అసలు నెల తప్పకుండా వేసేవాళ్ళు ఎంతమంది?

ఈ ప్రశ్న వేసే హక్కు నాకుంది, ఎందుకంటే నేను వేసేవాణ్ణి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జీపీఎఫ్‌కి కనీసం 6 శాతం కోసేవారు. ఒళ్ళు మండేది. వద్దని రాసివ్వొచ్చా అని మా సెక్షన్‌లో పెద్దాయన్ని అడిగితే, "రిటైరయ్యే ముందు 3 నెలలు కోయరులే, అప్పటిదాకా ఓపిక పట్టు" అన్నాడు. ఎవరైనా కాగితం ఇచ్చుంటే 24 ఏళ్ళ వయసులో నేను తప్పకుండా సంతకం పెట్టేవాణ్ణి. తర్వాత మా ఆవిడ ఆపరేషన్‌కి ఆ డబ్బే అక్కరకొచ్చింది. అయితే ఒకడి అనుభవం రుజువు కాదని అందరికీ చెప్పేది మనమే. నాదీ రుజువు కాదు.

అవతలి వాదన కూడా వినాలి. అందులో బలం ఉంది. నూటికి 3 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాడు ఏడాదికి 36 శాతం కడుతున్నాడు. వాడి 1,800ని 8.25 శాతానికి దాచిపెట్టడం వాడికి మేలు చెయ్యడమా? యజమాని వాటా కూడా పడుతుంది కనుక కొంతకాలం లాభమే కావచ్చు గానీ, అప్పు ఏళ్ళ తరబడి సాగితే ఆ లాభాన్ని వడ్డీ మింగేస్తుంది. పైగా సీటీసీ పేరుతో యజమాని వాటాని కూడా జీతంలోనే చూపించే కంపెనీల్లో నేను వేసిన లెక్క ఇంత సూటిగా నిలబడదు.

నమ్మకం సంగతి కూడా ఉంది. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో వేలాదిమంది గార్మెంట్ కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్ళు, రోడ్డెక్కారు. యజమాని వాటాని 58 ఏళ్ళ దాకా ఇవ్వమని కేంద్రం తెచ్చిన నిబంధనకి వ్యతిరేకంగా. రెండు రోజుల్లోనే కేంద్రం వెనక్కి తగ్గింది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. చేతికి అందని డబ్బు తమది కాదన్నది వాళ్ళ అనుభవం. 2025 అక్టోబరులో మళ్ళీ పీఎఫ్ ట్రస్టీల బోర్డు, ఉద్యోగం పోయాక మొత్తం తీసుకోవడానికి ఆగాల్సిన గడువుని 2 నెలల నుండి 12 నెలలకి పెంచాలని నిర్ణయించింది. ఇలాంటి నిర్ణయాలే "ముందే వద్దంటే పోలా" అనే ఆలోచనకి ఎరువు వేస్తాయి.

మరి వద్దనే హక్కు ఇవ్వాలా? బ్రిటన్‌లో 2012 నుండి ఒక పద్ధతి ఉంది. ఉద్యోగిని యజమానే పింఛను పథకంలో చేరుస్తాడు. వద్దనుకుంటే నెలలోపు చెప్పి కట్టింది వెనక్కి తీసుకోవచ్చు. అలా వెళ్ళేవాళ్ళు తక్కువే, సుమారు పదిమందిలో ఒకరు. అయితే అక్కడ ఉద్యోగిని బయటకి వెళ్ళమని ప్రేరేపించడం యజమానికి చట్టవిరుద్ధం. మన దగ్గర కాగితం అచ్చువేయించేదే యజమాని!

మన దేశంలో కూడా 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ ఒక మాట అన్నారు. తక్కువ జీతం వాళ్ళకి తమ వాటా కట్టడం ఐచ్ఛికం చేయాలి, యజమాని వాటా మాత్రం తగ్గకూడదు అని. అది ప్రతిపాదనగానే మిగిలిపోయింది. నా దృష్టిలో అది న్యాయమైన మాట. ఉద్యోగికి స్వేచ్ఛ ఇవ్వండి, కానీ ఆ స్వేచ్ఛ వల్ల యజమానికి ఒక్క పైసా కూడా మిగలకూడదు. ఆ షరతు పెట్టి చూడండి. కార్మికుల స్వేచ్ఛ గురించి ఇంత ఆరాటపడే మిల్లులు ఎన్ని మిగులుతాయో తెలిసిపోతుంది. ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నామో తేల్చడానికి దీనికంటే మంచి పరీక్ష నాకు కనబడలేదు.

కుర్రాడి తండ్రి సూరత్‌లోనే 30 ఏళ్ళు సాంచలు నడిపాడు. ఒకే షెడ్డు, మూడు పేర్ల బోర్డులు. ఏ బోర్డు కిందా 20 మంది ఉండరు. కాబట్టి పీఎఫ్ లేదు. ఆయన్ని ఎవరూ సంతకం కూడా అడగలేదు. ఇప్పుడు దగ్గుతో ఊళ్ళో కూర్చున్నాడు. నెలనెలా కొడుకు పంపే డబ్బే ఆయన పింఛను. ఆ డబ్బు ఇంకాస్త ఎక్కువ పంపడానికే కొడుక్కి ఈ 1,800 కావాలి.

అందుకే సంతకం పెట్టొద్దని తేలిగ్గా చెప్పలేకపోయాను. లెక్క మొత్తం తెలుగులో ఒక కాగితం మీద వేసి ఇచ్చాను. చివర్లో ఒక ప్రశ్న రాశాను: "నా వాటా ఆపితే మీ 1,950 కూడా నా జీతంలో కలుపుతారా?" సంతకం పెట్టే ముందు ఇది అడుగు అన్నాను.

"అడిగితే పనిలకెల్లి తీసేస్తరు సార్" అన్నాడు.

ఇష్టపూర్వకంగా అని ఆ కాగితంలో రాసినదానికి అసలు అర్థం ఇదీ. రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. దేని మీద ఏం చేశాడో ఇంకా చెప్పలేదు.