పాటకు గ్రేడు కట్టేదెవరు?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాడికి గ్రేడు అన్న మాట కొత్త కాదు. గుంటూరు యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, రంగూ తేమా చూసి డీలక్స్, బెస్ట్, మీడియం, తాలు అని తేల్చేస్తారు. తేల్చేది కొనేవాడు, నష్టపోయేది రైతు. పాత గ్రామఫోను రికార్డుల బేరం దీనికి తలకిందులు. అక్కడ గ్రేడు కట్టేది అమ్మేవాడు, మోసపోయేది కొనేవాడు. రెండుచోట్లా లాభం ఎవరిదో తీర్పూ వారిదే. నా అభ్యంతరం అక్కడే.

రికార్డుల గ్రేడులు అమెరికాలో 1974లో మొదలైన ‘గోల్డ్‌మైన్’ పత్రిక పేరుతో చెలామణీ అవుతున్నాయి. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్ అని మెట్లు. ‘గుడ్’ అన్నాడు కదాని కొన్నారో, పాటకంటే చిటపటలే ఎక్కువ వినిపిస్తాయి!

కనక మిత్రులారా, పేరు వదిలేసి వస్తువు చూడండి. నాలుగు సినిమా పాటలుండే ఏడంగుళాల 45 రికార్డును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే గీతలు బయటపడతాయి. నడిమి చిల్లు చుట్టూ లేబులు మీద గీరలు ఎక్కువుంటే అది చాలాసార్లు తిరిగిందన్నమాట. చదునైన బల్లమీద పెట్టి చూడండి, మన రోహిణీకార్తె ఎండకి వినైలు వంకరపోతుంది. లక్కతో చేసిన 78 రికార్డయితే అంచున సన్నని నెర్రె ఉందేమో చూడాలి. పైకి తళతళలాడినా, ఉక్కుముల్లు గాడిలోపల అరగదీసింది కంటికి ఆనదు. అందుకే చివరి తీర్పు చెవిదే. వినిపించనన్నవాడి దగ్గర కొనొద్దు.

ఇంకో మాట. గ్రేడు వేరు, విలువ వేరు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు (1902–1971) స్త్రీపాత్రలకు పేరుపడ్డ నటుడు. ఆయన పాట ఉన్న రికార్డు అరిగి అరిగి ‘పూర్’ కావచ్చు. అరిగిందంటే మన తాతలు అంతగా విన్నారన్నమాట! సేకరించేవాడి లెక్కలో అది తాలు. కాని తాలుకాయలోనూ గింజ ఉంటుంది.

మన పల్లెల్లో అటకలమీది రికార్డులు పాతసామాన్లవాడికి తూకానికి పోతున్నాయి. పోయినవి తిరిగిరావు. మన యూనియన్ లైబ్రరీలో ఒక రికార్డు ప్లేయరు పెట్టించాలి. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం తలా నాలుగు తెచ్చి, వినిపించి, కంప్యూటర్లోకి ఎక్కించాలి. గీత ఎక్కడుందో, చిటపట ఎంతసేపో బేరంతో సంబంధంలేని ఇద్దరు విని చీటీమీద రాయాలి. ఆ తర్వాత అమ్ముకునేవాళ్ళు అమ్ముకోవచ్చు.