చెక్క మీద ఆర్కిడ్

ముసలి మామిడిచెట్ల కొమ్మల మీద మందపాటి ఆకులతో, గాలిలో వేలాడే తెల్లటి వేళ్లతో ఓ మొక్క కనిపిస్తుంటుంది. బదనికేమో, చెట్టు సారమంతా పీల్చేస్తుందేమోనని కొందరు పీకి పారేస్తారు. నిజానికది వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్. నిలబడటానికి ఆసరా తప్ప చెట్టులోంచి చుక్క నీరు కూడా తీసుకోదు. వాన, మంచు, బెరడు మీద పేరుకున్న కాస్త చెత్త... దాని తిండల్లా అదే. ఈ పద్ధతిలోనే ఇంట్లో చెక్కముక్కకు కట్టి ఆర్కిడ్లను పెంచుకోవచ్చు.

గ్రీన్‌హౌస్ లేదన్న బెంగ అక్కర్లేదు. చలిదేశాల వారు అద్దాల ఇల్లు కట్టేది వెచ్చదనం కోసం. అది మనకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది! మన లోటల్లా గాలిలో తేమ. విశాఖ, కాకినాడ వారికి ఆ చింత తక్కువ. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వారు మాత్రం ఏప్రిల్, మే నెలల్ని తలచుకునే మొక్కను ఎంచుకోవాలి. నా ఓటు వాండాలకూ, నక్కతోకలా పూలగుత్తి వేలాడే రింకోస్టైలిస్ రెటూసాకూ. అసోం రాష్ట్ర పుష్పం ఇదే. కానుకగా వచ్చే ఫలనాప్సిస్‌తో మాత్రం మొదలుపెట్టకండి, వేసవి పొడిగాలికి ఇట్టే వడలిపోతుంది. ఏదైనా నర్సరీలో పెంచినదే కొనండి. అరకు వెళ్లినప్పుడు అడవిలోంచి పీక్కురావద్దు.

బెరడున్న మామిడి చెక్క శ్రేష్ఠం. రంగు వేసినదీ, ప్లైవుడ్డూ పనికిరావు. కొబ్బరిపీచును వారంపాటు నీళ్లు మారుస్తూ నానబెట్టి, వేళ్ల వెనక పలుచగా పరచి నైలాన్ దారంతో కట్టండి. రాగితీగ వేళ్లకు హాని చేస్తుంది. మొక్క కదలకుండా ఉండాలి, లేదంటే కొత్త వేళ్ల కొనలు ఒరుసుకుని ఎండిపోతాయి. కొత్త వేళ్లు మొదలయ్యే తొలకరి రోజులు ఇందుకు అనువు.

అసలు కిటుకంతా నీళ్లలోనే ఉంది. వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఎండితే వెండిరంగులో, తడిస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. వేళ్లన్నీ పచ్చబడేదాకా తడపాలి, మళ్లీ కొన్ని గంటల్లో తెల్లబడాలి. రాత్రికీ తడి ఆరకపోతే కుళ్లు ఖాయం. నాలుగు చుక్కలు పిచికారీ చేసి ఊరుకుంటే చాలదు. ఉదయమే చెక్కతో సహా వేళ్లను బకెట్లో పది నిమిషాలు ముంచండి. ఎండాకాలంలో సాయంత్రం నాలుగింటికి మరోసారి తడపాలి. బోరునీరు ఉప్పగా ఉంటే వేళ్ల మీద తెల్లటి పొర కడుతుంది, అలాంటిచోట వాననీరు పట్టి ఉంచుకోవడం మేలు. వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు పోసేవారున్నారు. అందులో లవణాలు ఇంకా ఎక్కువ. దాంతో గచ్చు కడుక్కోండి.

పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము కలిపి, ముందే తడిపిన వేళ్ల మీద చల్లితే సరిపోతుంది.

తూర్పు బాల్కనీ బాగుంటుంది. పడమటి ఎండైతే 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి. ఆకులు మరీ ముదురు పచ్చగా ఉంటే వెలుతురు చాలడం లేదనీ, పసుపుబారితే ఎక్కువైందనీ గుర్తు.

ఒక్క ఇబ్బంది ఉంది. వేసవి సెలవుల్లో పది రోజులు ఊరెళితే చెక్క మీది మొక్క మన కోసం ఆగదు. నీళ్లు పోసే పక్కింటివారు లేకపోతే బొగ్గు, ఇటుక ముక్కలు నింపిన కుండీలో పెంచుకోవడమే నయం.